ఫీజు బాకీ ఉంటే ఒరిజినల్స్ ఆపుకొనే హక్కు కాలేజీకి ఉందా?

గోదారిగట్టు:
బీటెక్, డిగ్రీ పూర్తయిన పిల్లలు సర్టిఫికెట్ల కోసం వెళ్తే రెండు రాష్ట్రాల్లోనూ చాలా కాలేజీలు చెప్పేది ఒకటే: "రీయింబర్స్‌మెంట్ పడలేదు, మొత్తం కట్టి టీసీ, మెమోలు పట్టుకెళ్లండి." ఇది హక్కులను కాలరాయడమా, ఫీజు కట్టడం విద్యార్థి బాధ్యత కాబట్టి సబబేనా? చట్టం తెలిసినవాళ్లు చెప్పండి.

లెడ్జర్:
యాజమాన్యం వైపు నుంచి మాట్లాడుతున్నాను. రాజ్యాంగం 19(1)(జి) (వృత్తి, వ్యాపార స్వేచ్ఛ) కింద విద్యాసంస్థ నడపడం కూడా వృత్తేనని 2002లో టీఎంఏ పాయ్ కేసులో 11 మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం చెప్పింది. ప్రభుత్వం డబ్బు ఇవ్వకపోయినా ఒకటో తేదీన జీతాలు ఇవ్వాల్సింది మేమే. చేరేటప్పుడు "రీయింబర్స్‌మెంట్ రాకపోతే మేమే కడతాం" అని తల్లిదండ్రులు సంతకం చేస్తారు. చదువు ముగిశాక ఆ మాట ఎవరికీ గుర్తుండదు. 51ఎ అధికరణంలో ప్రాథమిక విధులు ఉన్నాయని కూడా మరిచిపోవద్దు.

నల్లకోటు:
లెడ్జర్ గారూ, మీ బాకీ నిజమే, ఎవరూ కాదనడం లేదు. బాకీకి పిల్లల కాగితాలను తాకట్టుగా పెట్టుకోవడం దగ్గరే పేచీ. బాకీ కింద ఇతరుల వస్తువు అట్టిపెట్టుకునే హక్కు ఎవరెవరికి ఉందో కాంట్రాక్టు చట్టం 171వ సెక్షన్‌లో పేర్లతో సహా రాశారు: బ్యాంకర్లు, ఫ్యాక్టర్లు (ఇతరుల సరుకు అమ్మిపెట్టే ఏజెంట్లు), రేవు సరుకు చూసేవాళ్లు, హైకోర్టు అటార్నీలు, పాలసీ (బీమా) బ్రోకర్లు. అందులో కాలేజీ లేదు. మిగతావాళ్లకు ప్రత్యేకంగా ఒప్పందం ఉండాలి.

ఒప్పందం ఉంది కదా అంటారు. ఆర్.డి. సక్సేనా కేసు (2000) చూడండి. ఫీజు రాలేదని ఒక న్యాయవాది బ్యాంకు కేసు ఫైళ్లు ఆపుకొన్నారు. కేసు కాగితాలు అమ్మితే డబ్బు వచ్చే సరుకు కావు కాబట్టి వాటిమీద 171 వర్తించదని సుప్రీంకోర్టు తేల్చింది. మార్కుల మెమోకూ అదే తర్కం సరిపోతుంది. పైగా యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 నోటిఫికేషన్ ప్రకారం ఒరిజినల్స్‌ను విద్యార్థి ఎదుటే సరిచూసి అక్కడికక్కడే తిరిగివ్వాలి. దానికి విరుద్ధంగా రాయించుకున్న అండర్‌టేకింగ్ (హామీపత్రం), చట్టవిరుద్ధ ఒప్పందాలు చెల్లవనే కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ముందు నిలవడం కష్టం. సంతకం చేసినప్పుడు విద్యార్థికి 18 నిండకపోతే అతని వరకు అది అసలు ఒప్పందమే కాదు.

51ఎ సంగతి: 1976లో 42వ సవరణతో చేర్చారు. అందులో ఫీజు మాట లేదు. విధి నెరవేర్చితేనే హక్కు దక్కుతుందని రాజ్యాంగం ఎక్కడా అనలేదు.

చాక్‌పీస్:
ఒరిజినల్స్ అని అన్నీ ఒకే గంపలో వేయకండి. పదో తరగతి, ఇంటర్ మెమోలు విద్యార్థి తెచ్చినవి, అవి ఆపడం నిలవదు. ప్రొవిజనల్, డిగ్రీ పట్టాలు యూనివర్సిటీ ఇచ్చేవి, కాలేజీ మధ్యలో చేరవేసేదే. టీసీ మాత్రం కాలేజీయే రాసివ్వాలి. అందుకే మెమోలు ఇచ్చేసి టీసీ దగ్గర నాన్చే కాలేజీలు ఎక్కువ. అసలు పోరాటం అక్కడే. ఎలిమెంటరీ స్థాయిలో విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ టీసీ వెంటనే ఇవ్వాలంటుంది. కాలేజీ స్థాయిలో అంత సూటిగా రాసిన సెక్షన్ లేకపోవడమే సందు.

బాధ్యత గురించి కూడా గట్టిగానే చెప్పాలి. తెలంగాణలో ఈపాస్ (స్కాలర్‌షిప్, రీయింబర్స్‌మెంట్ పోర్టల్)లో దరఖాస్తు పెట్టి, మీసేవలో వేలిముద్ర వేయకుండా వదిలేస్తే ఆ డబ్బు ప్రభుత్వ బకాయి కాదు, విద్యార్థి బాకీయే. హాజరు 75 శాతం కన్నా తగ్గినా అంతే. సీటు వదులుకునేవాళ్లు నోటిమాటగా చెప్పి వెళ్లిపోతారు, దాంతో రీఫండ్ పోగొట్టుకుంటారు. యూజీసీ లెక్క అడ్మిషన్ల చివరి తేదీ చుట్టూ తిరుగుతుంది: 15 రోజులు లేదా అంతకన్నా ముందే రాసిస్తే 100 శాతం (ప్రాసెసింగ్ కింద 5 శాతం, గరిష్ఠంగా 5,000 తగ్గించుకోవచ్చు), చివరి తేదీకి 15 రోజుల కన్నా తక్కువ ఉండగా రాసిస్తే 90, తేదీ దాటాక 15 రోజుల్లోపు 80, 30 రోజుల్లోపు 50, ఆ తర్వాత సున్నా.

లెడ్జర్:
మరి మాకు దారేది? ముప్పై వేల బాకీకి ఒక్కొక్కరి మీద కోర్టుకెళ్లమంటారా?

నల్లకోటు:
వెళ్లక్కర్లేకుండానే దారి ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు దరఖాస్తు పెట్టండి, కోర్టు ఫీజు ఉండదు. కుటుంబంతో వాయిదాల మీద రాజీ కుదిరితే ఆ అవార్డుకు డిక్రీ విలువ ఉంటుంది. కుదరకపోతే, రాతపూర్వక అండర్‌టేకింగ్‌లో బాకీ ఎంతో స్పష్టంగా ఉన్నప్పుడు సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 37 కింద సమ్మరీ దావా (త్వరగా తేల్చే దావా). దావా వేయడానికి గడువు మూడేళ్లు. బాకీ ఎంతో రాయకుండా "డ్యూస్ కడతాం" అని మాత్రమే రాయించుకునే కాలేజీలు ఈ సదుపాయాన్ని చేజేతులా పోగొట్టుకుంటున్నాయి.

ఫైనలియర్:
సర్, ఇప్పుడు టీసీ ఆపారు. పీజీ అడ్మిషన్ గడువు దగ్గరపడింది. మొదట ఏం చేయాలి?

నల్లకోటు:
తమ్ముడూ, ముందు కాగితం పుట్టించు. ప్రిన్సిపాల్ పేర దరఖాస్తు రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ఇన్‌వార్డ్ (అందినట్టు) స్టాంపు, తేదీ వేయించుకో. తీసుకోకపోతే అదే రోజు స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపు. బాకీలో ప్రభుత్వానిది ఎంతో, నీది ఎంతో విడివిడిగా రాసిమ్మని అందులోనే అడుగు. నీ వాటా కట్టేసి రసీదు దగ్గర పెట్టుకో. ఇది చేయకుండా ఫిర్యాదుకు వెళ్తే మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతావు.

తర్వాత కాలేజీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) కమిటీ. 2023 యూజీసీ రెగ్యులేషన్ల ప్రకారం 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. న్యాయం జరగకపోతే 15 రోజుల్లో యూనివర్సిటీ ఆంబుడ్స్‌పర్సన్‌కు (విద్యార్థుల అప్పీళ్లు వినే అధికారికి) అప్పీలు.

పీజీ గడువు అంతకన్నా ముందే ఉంటే రాజ్యాంగం 226 కింద హైకోర్టులో రిట్ పిటిషన్. ప్రైవేటు కాలేజీ మీద రిట్ వేయలేమని భయపెడతారు. ప్రజావిధి నిర్వర్తించే ప్రైవేటు సంస్థ మీదా వేయొచ్చని 1989లోనే ఆండీ ముక్తా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. యూనివర్సిటీని కూడా ప్రతివాదిగా చేర్చడం మరవకు. పీజీ కౌన్సెలింగ్ తేదీ ఉన్న నోటిఫికేషన్ జతచేస్తేనే మధ్యంతర ఉత్తర్వు అడగడానికి ఆధారం ఉంటుంది. వినియోగదారుల కమిషన్‌కు మాత్రం పోకు, విద్య 'సేవ' కాదన్న 2010 నాటి తీర్పును పట్టుకుని కొట్టేయిస్తారు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు, అమ్మాయిలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా న్యాయవాదిని పెడతారు, హైకోర్టు న్యాయసేవల కమిటీలో అడుగు.

చాక్‌పీస్:
ఒక్క మాట కలుపుతాను. రిట్ నడిచేలోపు డిజిలాకర్‌లో మెమోలు ఉన్నాయేమో చూసుకో, చేరబోయే కాలేజీకి అవి చూపించి టీసీకి రాతపూర్వకంగా గడువు అడుగు. స్టాంపు పడిన ఆ దరఖాస్తు కాపీ కూడా దానికి జతచేయి.