వార్ఫరిన్ మోతాదు, జన్యు భేదాలు: 180 మందితో ఏ పద్ధతి మేలు?

ప్రశ్న (పరిశోధక విద్యార్థిని, బెంగళూరు)
గుండె కవాటం మార్చిన తరువాత వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడుతున్న 180 మంది వివరాలు సేకరించాను. తెలుగు, కన్నడ, తమిళ కుటుంబాల వారు కలిసి ఉన్నారు. ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే సమయాన్ని చూపే కొలత) నిలకడకు వచ్చిన నాటి వారపు మోతాదు, వయసు, బరువు, తోడు మందులు నమోదయ్యాయి. జీనోమ్ (మొత్తం జన్యు సమాచారం) అంతా గాలించాలా, తెలిసిన జన్యువులకే పరిమితం కావాలా? మేనరికాలు ఎక్కువగా ఉన్న కుటుంబాల వల్ల లెక్క తప్పకుండా ఏం చేయాలి?

జవాబు 1 (బయోస్టాటిస్టిక్స్ అధ్యాపకుడు, చెన్నై)
జీనోమ్ అంతా గాలిస్తే పి-విలువ (నిజమైన సంబంధం లేకున్నా యాదృచ్ఛికంగా ఇలాంటి ఫలితం వచ్చే సంభావ్యత) 5×10⁻⁸ కంటే తక్కువ రావాలి. ఇంత చిన్న నమూనాలో అది చాలా పెద్ద ప్రభావాలకే సాధ్యం. కొలెస్ట్రాల్ తగ్గించే సిమ్వాస్టాటిన్ మందు వల్ల కండరాలు దెబ్బతిన్న 85 మందిని, దెబ్బతినని 90 మందిని పోల్చి 2008లో ఎస్ఎల్‌సీఓ1బీ1 జన్యువును పట్టుకోగలిగారంటే, అక్కడి ప్రభావం అంత బలమైనది కావడమే కారణం. మీరు వార్ఫరిన్ మోతాదుతో సంబంధం ఉన్నట్లు తెలిసిన వీకేఓఆర్‌సీ1, సీవైపీ2సీ9, సీవైపీ4ఎఫ్2 జన్యువులతోనే మొదలుపెట్టండి. మోతాదుల పంపిణీ కుడివైపుకు సాగి ఉంటుంది కనుక, 2009 నాటి అంతర్జాతీయ వార్ఫరిన్ కూటమి చేసినట్లే, వారపు మోతాదు వర్గమూలాన్ని రిగ్రెషన్‌లో (మోతాదును ఏ అంశం ఎంత మారుస్తుందో లెక్కించే పద్ధతి) పెట్టండి. ముందు వయసు, బరువు, మందులు చేర్చి, ఆ తరువాత జన్యువులు అదనంగా ఎంత వివరిస్తున్నాయో చూడాలి.

ప్రిన్సిపల్ కాంపొనెంట్లు (జన్యు తేడాలను కొన్ని అంకెల్లోకి కుదించే కొలతలు) సముదాయాల మధ్య తేడాను సర్దుతాయే తప్ప దగ్గరి చుట్టరికాన్ని పూర్తిగా సర్దలేవు. దానికి బంధుత్వ మాత్రికతో (ఎవరు ఎవరికి ఎంత దగ్గరి చుట్టమో చూపే పట్టిక) కూడిన మిక్స్‌డ్ మోడల్ కావాలి. అయితే ఈ రెండింటికీ జీనోమ్ అంతటా మార్కర్లు (మనిషికీ మనిషికీ తేడా కనిపించే జన్యు స్థానాలు) ఉండాలి, మూడు జన్యువులు పరీక్షిస్తే చాలదు. మేనరికాల వల్ల హోమోజైగోట్లు (తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ ఒకే రకం ప్రతి వచ్చినవారు) పెరుగుతాయి. హార్డీ-వైన్‌బర్గ్ పరీక్షలో (యాదృచ్ఛికంగా పెళ్లిళ్లు జరిగే జనాభాలో ఉండాల్సిన నిష్పత్తులతో పోల్చే పరీక్ష) తప్పాయన్న ఒక్క కారణంతో మార్కర్లను పారేయకండి.

జవాబు 2 (క్లినికల్ ఫార్మకాలజిస్టు, బెంగళూరు)
పై జవాబుతో ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం చెబుతాను. నిలకడైన మోతాదుకు చేరినవారినే మీరు తీసుకున్నారు. రక్తస్రావమై మందు మానేసినవారు, ఐఎన్ఆర్ కుదరనివారు జాబితాలోనే లేరు. జన్యువు వల్ల ఎక్కువ ఇబ్బంది పడ్డది వారే కావచ్చు. ఏ మోడల్ కంటేనైనా ముందు ఆ పేర్లు వెతకడం అవసరమని నా ఉద్దేశం.

వేరే జనాభాకు కట్టిన సూత్రాన్ని అలాగే వాడకూడదు కూడా. 2013లో వెలువడిన కోఆగ్ అనే వార్ఫరిన్ మోతాదు ప్రయోగంలో జన్యు ఆధారిత మోతాదు నల్లజాతి రోగులలో క్లినికల్ సూత్రం (జన్యువులు చూడకుండా వయసు, బరువు వంటి వివరాలతో కట్టినది) కంటే వెనుకబడింది; వారిలో కనిపించే కొన్ని సీవైపీ2సీ9 భేదాలు ఆ సూత్రంలో లేవు.

జవాబు 3 (మత్తు వైద్యురాలు, చెన్నై)
మన దగ్గరి ఉదాహరణ ఒకటి: వైశ్య సముదాయంలో బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం తరచుగా కనిపిస్తుంది, ఆ ఎంజైము విచ్ఛిన్నం చేయాల్సిన సక్సినిల్‌కోలిన్ (మత్తు ఇచ్చేటప్పుడు కండరాలను సడలించే మందు) ఇస్తే కండరాల సడలింపు గంటల తరబడి సాగవచ్చు. ఇలాంటి భేదం మిశ్రమ నమూనాలో అరుదైనదిగా లెక్కకు వచ్చి జారిపోతుంది. సముదాయం వివరాన్ని, రోగి అనుమతితో, విడిగా నమోదు చేయండి.