బొమ్మ చూపించి ఒళ్ళు లెక్కేస్తారా?

కొర్లగుంట అక్క:
మొన్న సాయంత్రం సర్వే అంటూ ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. చేతిలో అట్ట ముక్క, దాని మీద తొమ్మిది ఆడబొమ్మలు, ఎండుపుల్లలాంటి మనిషి నుంచి బాగా లావైన మనిషి దాకా. "ఇందులో మీరెవరమ్మా?" అని మా అమ్మనడిగింది. అమ్మ కొంగు ముందుకు లాక్కుని నాలుగో బొమ్మ మీద వేలు పెట్టింది. ఆరు అని నేను, నోరు మూసుకోమని ఆమె. ఆ అమ్మాయి నాలుగే రాసుకుని పోయింది. తిరుపతిలో ఊబకాయం పెరిగిందో లేదో ఈ లెక్కతో తేలుతుందా? తూకం మిషన్ తెస్తే ఏం పోయింది?

మెట్లదారి:
తూకం మిషన్‌ని అంత నమ్మకండి అక్కా. నా ఎత్తు 173 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. బీఎంఐ, అంటే కిలోల బరువుని మీటర్ల ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె, 26. మనవాళ్ళకు 25 దాటితే ఊబకాయం కిందే లెక్క. నేను వారం వారం అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కుతా, నడుము 33 అంగుళాలు. నన్ను ఏ వరుసలో నిలబెడతారు? అదే బొమ్మల్లో అయితే పొట్ట ఉన్నోడెవరో, లేనోడెవరో తెలుస్తుంది.

హాస్టల్ స్టాటిస్టిక్స్:
ఈ బొమ్మలు ఊరికే పుట్టలేదు. 1983లో అమెరికా సైకియాట్రిస్టు స్టంకార్డ్ బృందం డెన్మార్క్‌లో దత్తత పిల్లల మీద చేసిన పని అది. తల్లిదండ్రులను తూకం వేసే దారి లేదు, అందుకని వాళ్ళ ఒళ్ళు ఎట్లా ఉండేదో బొమ్మల్లో చూపించమన్నారు. గడిచిపోయిన కాలానికి మిషన్ ఎక్కడ తెస్తారు? ఇక అమ్మ రెండు బొమ్మలు తగ్గించి చెప్పింది, సరే. పదేళ్ళ తర్వాత కూడా జనం అదే రెండు తగ్గించి చెబితే పెరుగుదల పెరుగుదలగానే కనిపిస్తుంది.

కొర్లగుంట అక్క:
అదే రెండు తగ్గిస్తారని ఎవరు చెప్పారు తమ్ముడూ? అమ్మ కాపురానికి వచ్చినప్పుడు మా వీధిలో ఆరో బొమ్మ ఒక్కరో ఇద్దరో. ఇప్పుడు సాయంత్రం అరుగుల మీద కూర్చునేవాళ్ళంతా ఆరే. చుట్టూ అందరూ అట్లా ఉంటే ఎవరి కళ్ళకు వాళ్ళు మామూలుగానే ఉంటారు. ఊరు లావయ్యే కొద్దీ నాలుగో బొమ్మకే ఓట్లు పెరుగుతాయి.

మెట్లదారి:
అయితే వేలు పెట్టమనడం మానేసి ఫోటో తీయండి. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి.

కొర్లగుంట అక్క:
చీర కుచ్చిళ్ళ మీదా? బిగుతు బట్టలేసుకుని నిలబడమంటే మా అమ్మ ఆ అమ్మాయిని గేటు దాటనిస్తుందా? పైగా ఆ ఫోటోలు ఎవరి ఫోన్లో ఉంటాయో.

హాస్టల్ స్టాటిస్టిక్స్:
ఫోటోకి ఇంకో చిక్కుంది. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యడ్కిన్ పక్కపక్కన నిలబడ్డ ఫోటో వేశారు. ఇద్దరి బీఎంఐ 22.3. స్కాన్ తీస్తే యడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కి 21.2 శాతం. చూపుకి ఇద్దరూ సన్నమే. నా ఓటు ఇప్పటికీ బొమ్మలకే, కానీ పక్కన టేపు కూడా ఉండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో బీఎంఐ 25, అంతకు పైన ఉన్న ఆడవాళ్ళు 24 శాతమే. నడుము-తుంటి నిష్పత్తి ప్రమాదపు గీత దాటినవాళ్ళు దాదాపు 57 శాతం. అంత తేడా!

గాంధీ రోడ్డు టైలర్:
టేపు మాట వచ్చింది కాబట్టి చెప్తా. నా పాత కొలతల పుస్తకాల్లో ఒకే సార్ తన పెళ్ళి కోటుకి నడుము 32, కూతురి పెళ్ళికి 39. భుజం మాత్రం అరంగుళమే పెరిగింది. టేపు చూడగానే ప్రతివాడూ ఊపిరి బిగబడతాడు. "పిల్లలు ఏం చదువుతున్నారు సార్?" అంటా. జవాబు చెప్పేటప్పుడు పొట్ట వదులుతాడు, అప్పుడు చూస్తా. ప్యాంటు సైజు మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు. పొట్ట పెరిగేకొద్దీ బెల్టు దాని కిందికి జారుతుంది, సైజు 36 దగ్గరే ఆగిపోతుంది.

రిటైర్డ్ నర్సు:
టైలర్ గారు చెప్పింది నిజం. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన, ఊపిరి వదిలాక చూడాలి. మనవాళ్ళలో మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటకూడదు.

కొర్లగుంట అక్క:
ఇప్పుడే అమ్మకి చూశాను. 94. నీ టేపు సాగిపోయిందే అంటోంది.

గాంధీ రోడ్డు టైలర్:
గుడ్డ టేపు పాతబడితే సాగుతుందక్కా, నిజమే. కానీ సాగిన టేపు కొలత తక్కువ చూపిస్తుంది. అమ్మకి చెప్పకండి.