జున్నుగాడి బొచ్చుతో బొమ్మ అవుతుందా? ఫెల్ట్ పని తెలిసినవాళ్ళు చెప్పండి

జున్ను వాళ్ళమ్మ, నెల్లూరు:

అందరికీ నమస్కారం. మాది వేదాయపాళెం. ఇంట్లో మేం ఐదుగురం, కుక్కలు రెండు. జున్ను తెల్ల స్పిట్జ్. బొగ్గు వానలో మా గేటు కింద దూరి, ఇక వెళ్ళని నాటుకుక్క. పిల్ల ఏడో తరగతి. ఫెల్ట్ అంటే నేయకుండా పోగులన్నీ ఒకదాంట్లో ఒకటి చిక్కించి చేసే మందపాటి గుడ్డ. ఆ బొమ్మల పిచ్చి ముందు దానికి పట్టింది, దాని వెనకే నాకూ అంటుకుంది.

ట్రంకు రోడ్డులో ఫ్యాన్సీ షాపు నుంచి ఫెల్ట్ షీట్లు తెచ్చాం. వేడినీళ్ళూ సబ్బూ పెట్టి రుద్దితే దగ్గరపడి గట్టిపడుతుందని ఒక వీడియోలో చూసి గంటన్నర రుద్దాం. మా చేతులు నానిపోయాయి గానీ షీటు ఎట్టా ఉండేది అట్టానే ఉంది. సరే, సూదితో పొడిచి చేసే బొమ్మలకు ఉన్ని కావాలన్నారు. నెల్లూరు గొర్రెలంటే పేరున్నవే కదా, ఊళ్ళో మా చిన్నమామయ్యకు మంద ఉంది. ఫోన్ చేసి అడిగితే "ఉన్ని యాడిదమ్మాయ్, వెంట్రుకలు గీకి పంపమంటావా" అని ఒకటే నవ్వు. ఎందుకు నవ్వాడో ఇప్పటికీ తెలీదు.

ఇక జున్ను బొచ్చు. రోజూ ఊడిస్తే సున్నుండంత వస్తుంది. పారేయడం ఎందుకు, దాంతోనే బొమ్మ చేద్దామని కవర్లో దాస్తున్నా. మా అత్తయ్య తన చిక్కు వెంట్రుకలు దాచుకునే కవరు కూడా ఆ తలుపు వెనక మేకుకే ఉంటుంది. మొన్న చిక్కెంటికలకు గిన్నెలిచ్చే సైకిలాయన వస్తే, అత్తయ్య చూసుకోకుండా నా కవరు తీసి ఇచ్చింది. ఆయన వేళ్ళతో విడదీశాడు, వెలుతురుకు పట్టి చూశాడు, వాసన చూశాడు. "పెద్దమ్మా, ఇది మనిషిది కాదే" అన్నాడు. "నెరిసిపోయినాయిలే నాయనా, వయసైపోలా" అంటోంది అత్తయ్య. జున్ను ఆయన కాళ్ళ దగ్గరే కూర్చుని తోక ఊపుతోంది. ఆయన దాన్ని చూశాడు, కవరు చూశాడు, మాట్లాడకుండా సైకిలెక్కాడు. అప్పట్నుంచి అత్తయ్య నాతో ముభావంగా ఉంది.

అసలు టెన్షన్ ఇంకోటి. నిన్న సాయంత్రం పిల్ల చేసిన ఫెల్ట్ కుందేలు చెవి ఒకటి బొగ్గు మింగేసింది. బొటనవేలంత ముక్క. ఇప్పటికైతే హుషారుగానే ఉంది, అన్నం తింటోంది. ఏం చేయమంటారు?

రిటైరైన పశువైద్యుణ్ణి, ఉదయగిరి వైపు:

అమ్మా, ముందు చివరి ప్రశ్న. ఆ చెవికి దారం ఉందా, సూది ఉందా, లేక అంటించిందా? ఇది చెప్పండి.

ఈలోపు ఉప్పునీళ్ళు తాగించి కక్కించాలని మాత్రం చూడొద్దు. ఉప్పు ఎక్కువైతే అదే పెద్ద ప్రమాదం. నాటుకుక్క ఒళ్ళు, ముక్క చిన్నది, తింటోంది, తిరుగుతోంది కాబట్టి రెండు మూడు రోజులు విరేచనం గమనించండి. వాంతులైనా, తిండి మానేసినా, ముక్కుతూ కూర్చున్నా, పొట్ట పట్టుకుంటే మూలిగినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోండి. గుడ్డముక్క మామూలు ఎక్స్‌రేలో సరిగ్గా కనపడదు. ఏం మింగిందో, ఎప్పుడు మింగిందో మీరే చెప్పాలి. మిగిలిన రెండో చెవి తీసుకెళ్ళి చూపిస్తే డాక్టరుకు సులువు.

దారం మింగితే సంగతి వేరు. ఒక కొస నాలుక కిందో పొట్టలోనో తట్టుకుంటే, రెండో కొస పేగులో ముందుకు పోతూ పేగునంతా నాడా లాగినట్టు ముడతలు పెట్టేస్తుంది, కోసేస్తుంది కూడా. నోట్లోంచి గానీ వెనకనుంచి గానీ దారం వేలాడుతుంటే ఎవరూ లాగకండి. అట్టాగే తీసుకుని రండి. సర్వీసులో ఉండగా ఇట్టాంటి కేసులు చూశాను, ఇంట్లోవాళ్ళు "కొంచెం లాగాం సార్" అంటే నాకు గుండె జారేది.

కావలి తమ్ముడు:

మా ఇంట్లో ల్యాబ్రడార్ సాక్సులే మింగుతుంది, అది కూడా జతగా కాదు, ఒక్కటే. ఫాలో అవుతున్నా.

జున్ను వాళ్ళమ్మ, నెల్లూరు:

సార్, దారం లేదు. గ్లూ గన్‌తో అంటించింది. మీ మాట చూశాక ప్రాణం కుదుటపడింది. పిల్లను కాపలా పెట్టాను.

కందుకూరు కుట్టుమిషన్:

అక్కా, షీటు సంగతి నేను చెప్తా. ఫ్యాన్సీ షాపుల్లో దొరికే రంగురంగుల ఫెల్ట్ చాలావరకు పాలిస్టరో, యాక్రిలిక్కో. దాన్ని ఫ్యాక్టరీలోనే ముళ్ళ సూదులతో పొడిచి షీటుగా చేసేస్తారు. మీరు సబ్బు కాదు, బండసోడా పెట్టి రుద్దినా దగ్గరపడదు. ఉన్ని వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. వేడికీ తడికీ సబ్బుకీ అవి విచ్చుకుంటాయి, రుద్దేకొద్దీ ఒకదాంట్లో ఒకటి చిక్కుకుంటాయి, ఇక విడిపోవు. ప్లాస్టిక్ దారానికి పొలుసులు ఎక్కణ్ణుంచి వస్తాయి?

అనుమానముంటే అంచునుంచి నాలుగు పోగులు లాగి, స్టీలు ప్లేట్లో పెట్టి అగ్గిపుల్ల ముట్టించండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే బూడిదైతే ఉన్ని. కరిగి గట్టి పూసలా అయితే సింథటిక్. నేను మా మామయ్య మంకీ క్యాప్ ఉన్నిదే అనుకుని నమ్మకంగా మరిగే నీళ్ళలో వేశా. తిరుమల చలికి కొన్నది, ఆయనకు ప్రాణం. అరగంట గిన్నెలో తిప్పినా దారం దారంగానే ఉంది. తర్వాత పోగు కాలిస్తే పూస అయింది. మామయ్య ఆ వాసనకు వంటింట్లోకి వచ్చి, గిన్నెలో టోపీ చూసి, "రాత్రికి ఇదేనా కూర" అని అడిగి పోయాడు.

షీట్లు వేస్ట్ కాదులెండి. కత్తిరిస్తే అంచు పీచు లేవదు, మడతపెట్టి కుట్టే పని లేదు. బొమ్మలకు కాజా కుట్టు లాంటి బ్లాంకెట్ కుట్టు వేసి లోపల దూది కూరండి. చెవులు, కళ్ళు అంటించొద్దు, కుట్టేయండి. ప్లాస్టిక్ కదిలే కళ్ళు అసలొద్దు, నల్లదారంతో ముడులు వేస్తే చాలు. ఇస్త్రీ చేయాలంటే పైన తడిపి పిండిన నూలుగుడ్డ వేసి, పెట్టె తక్కువ వేడిలో పెట్టి చేయండి, లేకపోతే పెట్టెకే అంటుకుంటుంది.

కావలి తమ్ముడు:

ఉన్ని దగ్గరపడితే విడిపోదన్నారు. ఒక చిన్న సందేహం, మా ఫ్రెండు కోసం. వాళ్ళావిడకు కులూ నుంచి తెచ్చిన అసలు ఉన్ని శాలువా ఉంది. అతను సాయం చేద్దామని వాషింగ్ మెషీన్లో వేడినీళ్ళ బటన్ నొక్కి, కుక్క పడుకునే దుప్పటితో కలిపి వేశాడు. ఇప్పుడది తువ్వాలంత అయింది, అట్టముక్కలా నిలబడుతోంది. కండిషనర్‌లో నానబెడితే సాగుతుందా?

కందుకూరు కుట్టుమిషన్:

తమ్ముడూ, మీ ఫ్రెండుకు చెప్పండి, కొద్దిగా సాగుతుందేమో గానీ శాలువా మళ్ళీ శాలువా కాదు. ఆ మెషీన్ చేసిన పనే ఫెల్టింగ్. మంచి ఫెల్ట్ గుడ్డ తయారైంది, కత్తిరించినా పోగులూడదు. అందులోంచి కళ్ళద్దాల కవరో, వేడిగిన్నె కింద పెట్టే చుట్టకుదురో కుట్టి వాళ్ళావిడకు ఇమ్మనండి. ముందు నిజం చెప్పి, తర్వాత ఇమ్మనండి.

కావలి తమ్ముడు:

నిజం ఆవిడే చెప్పేసింది, ఇదే ఫోన్లో పైన చదివి.

ఒంగోలు పిన్ని:

జున్ను బొచ్చు మాట నేను చెప్తా. మా పామెరేనియన్ పోయి మూడేళ్ళయింది, దాని బొచ్చుతో చేసిన చిన్న బొమ్మ నా బీరువాలో ఉంది.

ఇట్టాంటి కుక్కలకు రెండు రకాల బొచ్చు ఉంటుంది. పైన పొడుగ్గా, నున్నగా, గరుగ్గా ఉండేది పనికిరాదు. అది బొమ్మలోంచి సూదుల్లా పైకి లేస్తుంది. అడుగున దూదిలా మెత్తగా ఉండేదే కావాలి. స్పిట్జ్‌కు అది బాగా ఉంటుంది, మీ అదృష్టం. బొగ్గుగాడి బొచ్చు పొట్టి, వాణ్ణి వదిలేయండి. చీపురుతో ఊడ్చింది వాడకండి తల్లీ, అందులో బియ్యపుగింజా అత్తయ్య పిన్నీసూ అన్నీ ఉంటాయి. దువ్వెనతో దువ్వితే దువ్వెనకు చిక్కిందే తీయండి. కత్తెరతో కత్తిరించిందీ వద్దు, పొట్టిపొట్టిగా రాలిపోతుంది. పిడుదులకు వీపు మీద మందు పోసిన వారం పదిరోజుల్లో దువ్వింది కూడా వద్దు.

ఉతకడం దగ్గరే నేను మొదటిసారి దెబ్బతిన్నా. బట్టలు నలిపినట్టు నలిపితే, ఇడ్లీ గట్టిపడితే ఎట్టా ఉంటుందో అట్టా అయింది. పల్చటి పాత నూలుగుడ్డలో వదులుగా మూటకట్టి, గోరువెచ్చని నీళ్ళలో నాలుగు చుక్కల షాంపూ వేసి అరగంట నాననివ్వండి. కదపొద్దు, పిండొద్దు. అంతే గోరువెచ్చగా ఉన్న మామూలు నీళ్ళలో రెండుసార్లు ముంచి తీసి, తువ్వాల్లో పెట్టి అద్ది, నీడన ఆరేయండి. మన కార్తీకం ముసురులో అయితే ఫ్యాన్ కింద రెండు రోజులు పడుతుంది. తడిగా ఉన్నంతసేపూ ఇల్లంతా కుక్కవాసనే, ముందే ఇంట్లోవాళ్ళకు చెప్పండి.

ఒట్టి కుక్కబొచ్చు బిగుసుకోవడం కష్టం. కొన్న ఉన్ని సగం, ఇది సగం కలిపి రెండు దువ్వెనలతో అటూ ఇటూ దువ్వండి. లేదా లోపలి ముద్దంతా ఉన్నితో చేసి పైన జున్ను బొచ్చు ఒక పొర వేయండి, నేను చేసింది అదే. ఫెల్ట్ సూదులకు నంబర్లుంటాయి. 36 లావు, 38 మధ్యస్తం, 40 సన్నం. ముద్ద కట్టడానికి 36 గానీ 38 గానీ, ముక్కూ మూతీ దగ్గర 40. సూది కొన దగ్గర కనపడీ కనపడని గాట్లుంటాయి, అవే వెంట్రుకను లోపలికి లాక్కెళతాయి. కింద రెండంగుళాల స్పాంజి పెట్టుకుని, ఎట్టా దిగిందో అట్టానే నిటారుగా పైకి తీయాలి. లోపలుండగా పక్కకు వంచితే టిక్కుమని విరుగుతుంది. తెలిసేది ఆ చప్పుడుతోనే, ముక్క కంటికి కనపడదు. అయస్కాంతంతో వెతకండి. మొదలుపెట్టేటప్పుడు సూదులు లెక్కపెట్టి, ముగించాక మళ్ళీ లెక్కపెట్టి డబ్బాలో వేసి మూత పెట్టాలి. కుక్కలున్న ఇంట్లో ఇది పూజగదికి తాళం వేసినంత నిష్ఠగా చేయాలి.

పిల్ల సూదికి విసిగితే సబ్బుబంతులు చేయించండి. ఉన్నిని పల్చగా ఒక పొర ఇటూ ఒక పొర అటూ చుట్టి, వేడి సబ్బునీళ్ళలో ముంచి అరచేతుల మధ్య దొర్లించాలి. మొదట గాలికి తగిలినట్టు, పట్టు దొరికాక సున్నుండ బిగించినట్టు. మొదట్లోనే నొక్కితే పగుళ్ళిస్తుంది. సైజులో మూడోవంతు దాకా తగ్గిపోతుంది, ఆ లెక్కన పెద్దదిగా మొదలుపెట్టండి. నేను సబ్బు బదులు కుంకుడురసం వాడతా, శాలువాలు ఉతికేది దాంతోనే కదా. కళ్ళలో పడితే మాత్రం పిల్ల ఇల్లు పీకి పందిరేస్తుంది.

రిటైరైన పశువైద్యుణ్ణి, ఉదయగిరి వైపు:

మీ చిన్నమామయ్య ఎందుకు నవ్వాడో ఎవరూ చెప్పలేదు. నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదమ్మా. అది పొడుగ్గా, కాళ్ళెత్తుగా పెరిగే మాంసపు జాతి. ఒంటి మీదుండేది పొట్టి వెంట్రుకలు. పూర్తి తెల్లది పల్ల, మూతికీ కళ్ళ చుట్టూ నల్లమచ్చలుంటే జోడిపి, ఎర్రమట్టి రంగుది దొర. మూడింట్లో దేన్ని గీకినా మీకు బ్రష్షుకు సరిపడా కూడా రాదు. గొంగళ్ళు నేసే ఉన్ని దక్కనీ గొర్రెది, అదీ ముతక. పిల్లల బొమ్మలకు మెత్తగా కావాలంటే ఆన్‌లైన్‌లో మెరీనో జాతి గొర్రె ఉన్ని తెప్పించుకోవడమే.

ఇంకో మాట. ఉన్నికి పురుగు పడుతుందని ఎవరైనా కలరా ఉండలు వేయమంటారు. కుక్కలున్న ఇంట్లో వద్దు. ఒకటి మింగినా విషమే. బాగా ఆరబెట్టి, మూత బిగుతుగా ఉండే డబ్బాలో పెట్టండి. ఎండిన వేపాకు గుడ్డలో కట్టి వేసుకుంటే వేసుకోండి.

జున్ను వాళ్ళమ్మ, నెల్లూరు:

అందరికీ దండాలు. ముందు శుభవార్త. మూడో రోజు పొద్దున చెవి బయటపడింది. పిల్ల పుల్లతో కదిపి "అమ్మా, చెవే, గులాబీరంగు అట్టానే ఉంది" అని వీధంతా వినపడేట్టు అరిచింది. ఎదురింటావిడ ఎవరి చెవి అని కంగారుగా బయటికొచ్చింది.

పిన్ని చెప్పినట్టే చేశాం. ఉన్ని ముద్ద మీద జున్ను బొచ్చు పొర. రెండు వారాలు పట్టింది, రెండు సూదులు విరిగాయి, రెండు కొనలూ ఫ్రిజ్ మీద అయస్కాంతానికి దొరికాయి. అరచేతిలో పట్టేంత బొమ్మ, చెవి ఒకటి కొంచెం కిందికి వాలింది. దాన్ని నేలమీద పెడితే అసలు జున్ను చుట్టూ మూడుసార్లు తిరిగి, వెనక వాసన చూసి, గుర్రుమంది. బొగ్గు మాత్రం నోట కరుచుకోవాలని చూసింది, సూదుల మాట గుర్తొచ్చి లాగేసుకుని షోకేసులో పెట్టాం. వాటికి ఆడుకోను మా ఆయన పాత నూలు లుంగీ చింపి, జడ అల్లి, ముడి వేసి ఇచ్చా. ఆయన వెతుకుతున్నాడు, ఇంకా చెప్పలేదు.

ఇప్పుడు మేకు మీద ఒక్క కవరే ఉంటోంది, అత్తయ్యది. నిన్న సైకిలాయన మళ్ళీ వచ్చాడు. కవరు విప్పకముందే "కుక్క యాడుంది పెద్దమ్మా" అని అడిగాడంట. గిన్నె అయితే ఇచ్చాడు, చిన్నది.