మార్కు సువార్త చివరి వచనాలు తర్వాత చేర్చినవైతే, నేను నమ్మినదానిలో మిగిలేది ఏమిటి?

ప్రశ్న:
బైబిలులో ఒక పొల్లయినా మారలేదని నమ్ముతూ పెరిగాను. అది తల్లిదండ్రుల నుంచి వచ్చిన నమ్మకం. దాన్ని నేనెన్నడూ పరీక్షించలేదు. ఏడాదిగా బైబిలు పాఠవిమర్శ గ్రంథాలు, అంటే పాత ప్రతులను పోల్చి మూలపాఠం ఏదో తేల్చే గ్రంథాలు, చదువుతున్నాను. మార్కు 16వ అధ్యాయంలోని 9 నుంచి 20 వరకు వచనాలు నాలుగవ శతాబ్దపు సైనైటికస్, వాటికానస్ వ్రాతప్రతులలో లేవని, వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ వృత్తాంతం యోహాను సువార్త అతిప్రాచీన ప్రతులలో కనిపించదని తెలిసిన రోజున పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. పాపం లేనివాడే మొదటి రాయి వేయాలన్న ఆ మాటను తలచుకొనే నేను కొందరిని క్షమించగలిగాను. అది యేసు పలికినదో కాదో తెలియనప్పుడు దాని మీద ఆధారపడవచ్చునా? ఇలా ఒక్కొక్కటీ వదులుకుంటూ పోతే చివరికి ఏమి మిగులుతుంది?

మొదటి సమాధానం:
ఒక వచనం మూలంలో ఉన్నదా అనేది ఒక ప్రశ్న. అది చెప్పే సంగతికి ఆ వచనమొక్కటే ఆధారమా అనేది వేరొక ప్రశ్న. యేసు చనిపోయి తిరిగి లేచిన పునరుత్థానాన్నే తీసుకోండి. సమాధిలోని యువకుడు ఆయన లేచాడని చెప్పేది మార్కు 16:6లో, అంటే ఈ వివాదంతో సంబంధం లేని భాగంలో. అంతకన్నా పాత సాక్ష్యం 1 కొరింథీయులకు 15వ అధ్యాయంలో ఉంది. మార్కు సువార్త సుమారు 70 ప్రాంతానిదని పండితులలో ఎక్కువమంది అంటారు. పౌలు ఈ పత్రికను 50ల మధ్యలో రాశాడు, పైగా తాను పొందినదానినే అప్పగిస్తున్నానని అంటున్నాడు కనుక ఆ ఉపదేశం పత్రిక కన్నా ముందటిది. ఆ 12 వచనాలు లేకపోతే ఆధారం కోల్పోయేది ప్రధానంగా పాములను ఎత్తిపట్టుకున్నా, విషం తాగినా హాని కలగదన్న వాగ్దానమే. దాన్ని అక్షరాలా నమ్మి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు.

రెండవ సమాధానం:
పై వాస్తవాలతో ఏకీభవిస్తాను, కాని ఊరట కొంచెం తొందరగా వచ్చిందనిపిస్తున్నది. పౌలు చెప్పిన సాక్షులలో కేఫా (అంటే పేతురు), పన్నెండుగురు, అయిదువందలమందికి పైగా సహోదరులు, యాకోబు ఉన్నారు. సమాధి దగ్గరికి వెళ్లిన స్త్రీల పేర్లు లేవు, సమాధి ఖాళీగా ఉన్నదన్న మాటా లేదు. ఇంకా కఠినమైన ప్రశ్నలు, పాఠం మీద ఏ సందేహమూ లేని చోటనే ఎదురవుతాయి. ప్రభువు రాకడ వరకు సజీవులమై నిలిచివుండే మనము అని 1 థెస్సలొనీకయులకు 4:15లో రాసినప్పుడు, యేసు తిరిగి రావడం తన తరంలోనే జరుగుతుందని పౌలు ఎదురుచూసినట్లే కనిపిస్తుంది. ఏ ప్రాచీన ప్రతి దొరికినా ఈ ప్రశ్న తీరదు. పొల్లు తప్పని గ్రంథమనే నమ్మకాన్ని నేను వదులుకున్నాను. ఆ బాధ చిన్నది కాదు. ప్రార్థన మాత్రం మానలేదు, మానాలని అనిపించనూ లేదు.

మూడవ సమాధానం:
ఆ స్త్రీ వృత్తాంతం గురించి ఒక మాట. యోహాను రాయలేదనడం వేరు, అది జరగలేదనడం వేరు. సువార్తలలోకి ఎక్కకముందు నోటి మాటగా నిలిచిన పాత సంప్రదాయం కావచ్చునని పండితులే కొందరు భావిస్తారు. కొన్ని ప్రతులలో అది లూకా సువార్తలో కనిపిస్తుంది. భార్యలు శిక్షాభయం లేకుండా తప్పు చేస్తారని జంకి కొందరు దాన్ని ప్రతులనుంచి తొలగించారని ప్రాచీన క్రైస్తవ వేదాంతి అగస్టీను అనుకున్నాడు. ఆయన ఊహను నేటి పండితులు సాధారణంగా ఒప్పుకోరు గాని, అంతటి క్షమ ఆనాటివారికీ మింగుడుపడలేదని దానివల్ల తెలుస్తున్నది. మీరు క్షమించినవారిని ఆ క్షమాపణ చేరింది కదా. దాన్ని ఏ వ్రాతప్రతి వెనక్కి తీసుకోగలదు?

ప్రశ్న అడిగినవారు:
ముగ్గురికీ కృతజ్ఞతలు. రెండవ సమాధానం నన్ను కలతపెట్టింది, అయినా దాన్నే ఎక్కువసార్లు చదివాను. ఈ రాత్రి మార్కు సువార్తను మొదటినుంచి చదివి 16:8 దగ్గర ఆపుతాను. ఆ స్త్రీలు భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదన్న వాక్యాన్ని ముగింపుగా నేను ఇంతవరకు ఒక్కసారి కూడా చదవలేదు.