మేకింగ్ వీడియోలో కొండ ఉంటే చాలా, కొండవాళ్లూ ఉండాలా?

సెమిలిగుడ కుర్రాడు:
2025 మార్చిలో రాజమౌళి గారి ‘వారణాసి’ యూనిట్ మన కోరాపుట్ కొండల్లో షూటింగ్ చేసి వెళ్లింది. ఆయన దేవమాలి ఎక్కి, పైన చెత్త చూసి బాధపడి పోస్టు పెట్టారు. 1,672 మీటర్ల ఎత్తు, ఒడిశాలోకెల్లా పెద్ద శిఖరం. హైదరాబాద్ బంధువులు అప్పుడే మొదటిసారి నన్ను దారి అడిగారు! రేపు మేకింగ్ డాక్యుమెంటరీ వస్తే కొండ ఎలాగూ కనిపిస్తుంది. ఇక్కడ పనిచేసినవాళ్లు కనిపిస్తారా? కనిపించాలి, పేరుతో సహా. దేశియాలోనో కువిలోనో, వాళ్ల భాషలోనే మాట్లాడాలి. మీరేమంటారు?

జైపూర్ బాబాయి:
తమ్ముడూ, మేకింగ్ అంటే పబ్లిసిటీ. డబ్బు పెట్టినవాడు హీరోనీ డైరెక్టర్‌నీ చూపించుకుంటాడు. మనవాళ్లకి కూలి ముట్టిందా లేదా, అది అడుగు. గృహప్రవేశం కార్డులో తాపీమేస్త్రి పేరు వేస్తామా?

రాయగడ ఆర్ట్ అసిస్టెంట్:
బాబాయ్, కూలి ఒక్కటే అయితే నేనూ ఒప్పుకుందును. వేరే సినిమా సంగతి చెప్తాను, పేరెందుకులెండి. గూడెం సెట్ వేస్తున్నాం. మేం పూసిన మట్టి రెండు రోజులకే బీటలిచ్చింది. పక్క ఊరి నుంచి ఇద్దరు కోంధు తెగ ఆడవాళ్లు కూలికొచ్చారు. పెద్దావిడ మా మట్టిని వేళ్లతో నలిపి నవ్వింది. పేడ వంతు పెంచి, ఊక కలిపి, మూడు రోజులు నాననిచ్చి మళ్లీ పూయించింది. గోడ కింద పట్టీ ఎంత వెడల్పుండాలో కూడా ఆవిడే చేత్తో కొలిచి చూపించింది. మేకింగ్ వీడియోలో ఏముందంటే, మా పెద్దసారు ఆ గోడకి ఆనుకుని ‘చాలా రీసెర్చ్ చేశాం’ అంటున్నారు. ఆ రీసెర్చ్ కూలికొచ్చిందని ఎవరికి తెలుస్తుంది?

సునాబేడా టీచరమ్మ:
కెమెరా ఎవరి చేతిలో ఉందన్నదే అసలు సంగతి. 1991లో వచ్చిన మేకింగ్ డాక్యుమెంటరీ ‘హార్ట్స్ ఆఫ్ డార్క్‌నెస్’ చూడండి. ఫిలిప్పీన్స్‌లో తన భర్త కొపోలా సినిమా తీస్తుంటే ఎలినార్ తీసిన ఫుటేజే దానికి ప్రాణం. గొప్పగానే ఉంటుంది, కానీ అది ఇంటివాళ్ల చూపు. 1982 నాటి ‘బర్డెన్ ఆఫ్ డ్రీమ్స్’ వేరు. పెరూ అడవిలో సినిమా తీసింది హెర్జోగ్, ఆ తీయడాన్ని తీసింది లెస్ బ్లాంక్. అందులో పనికొచ్చిన ఆదివాసీలూ నోరు విప్పుతారు. మన దగ్గరైతే నా భయం ఇంకొకటి. చూపించమని అడిగితే నలుగురు ఆడపిల్లల చేత ధింసా ఆడించి అర నిమిషం వేసేస్తారు. దానికంటే చూపించకపోవడమే నయం.

సెమిలిగుడ కుర్రాడు:
టీచర్ గారూ, ఆ అర నిమిషం కూడా వద్దంటే ఎలా? మా ఊరి పిల్లలకి అదైనా ఉండనివ్వండి.

జైపూర్ బాబాయి:
గోడ సంగతి విన్నాక మేస్త్రి పోలిక వెనక్కి తీసుకుంటున్నా. కానీ పేర్లు ఎక్కణ్ణుంచి తెస్తారు? నేను రెండు షూటింగులకి జీపులు తిప్పాను. కూలీలని తెచ్చే కాంట్రాక్టర్ పుస్తకంలో ‘ఆడ 12, మగ 20’ అనే ఉంటుంది. ఆర్ట్ బాబూ, ఆ ఇద్దరి పేర్లేంటి?

రాయగడ ఆర్ట్ అసిస్టెంట్:
పెద్దావిడని అందరం ‘ముసలమ్మా’ అనే పిలిచాం బాబాయ్. రెండో ఆవిణ్ణి అడగనే లేదు.