పాత మహీంద్రా పికప్పును ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ లాగుడు) చేయించాలనుకుంటున్నాను, సలహా చెప్పండి

బత్తాయి తోట (చందంపేట):
అందరికీ నమస్కారం. మా నాన్న కొన్న 1989 నాటి మహీంద్రా పికప్పు ఇంకా నడుస్తోంది. ప్యూజో డీజిల్ ఇంజిను, లాగుడు వెనుక చక్రాలకే. మా తోటకు వెళ్లాలంటే వాగు దాటాలి. ఇవతల ఎర్ర చెల్క, దిగులు లేదు. అవతల రెండు వందల గజాలు నల్లరేగడి. వాన పడితే అదే మా పాలిట గండం. పోయిన భాద్రపదంలో మూడుసార్లు ట్రాక్టరు పెట్టి లాగించాను. ఆ ట్రాక్టరు డ్రైవరు ఇప్పుడు నన్ను సంతలో చూసినా నవ్వుతున్నాడు. ఒక షెడ్డులో అడిగితే, పాత జీపు ముందు హౌసింగు (చక్రాలను తిప్పే గేర్లున్న యాక్సిల్) తెచ్చి బిగిస్తాం, రెండు రోజుల పని, లక్షన్నర అవుతుంది అన్నారు. నిజంగా రెండు రోజుల పనేనా?

పాత జీపు (నల్లగొండ):
రెండు రోజుల్లో విప్పడం అవుతుంది తమ్ముడూ. బిగించడం సంగతి వేరు.

ముందు హౌసింగు ఒక్కటే తెస్తే దానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? ఆ శక్తిని ముందు, వెనుక చక్రాలకు పంచడానికి గేరుబాక్సు వెనుక ట్రాన్స్‌ఫర్ కేసు ఉండాలి. అసలు చిక్కు అక్కడే. విల్లీస్ (తొలి తరం అమెరికా జీపు) కాలం నుంచి వచ్చిన పాత ట్రాన్స్‌ఫర్ కేసులో ముందుకు పోయే షాఫ్టు, వెనక్కి పోయే షాఫ్టు రెండూ మధ్యలో ఉండవు, కుడి పక్కకు జరిగి ఉంటాయి. అందుకే ఆ జీపుల వెనుక యాక్సిల్‌లో కూడా క్రౌన్ (చక్రాలను తిప్పే పెద్ద పళ్లచక్రం) ఉండే గుండ్రటి భాగం పక్కకే కనిపిస్తుంది. మీ పికప్పు కిందికి దూరి చూడండి. వెనుక గుండు సరిగ్గా నడుమ ఉంటే, ఆ కేసు బిగించగానే షాఫ్టు అడ్డంగా వంకర పోతుంది. క్రాసులు (షాఫ్టు చివర్ల కీళ్లు) నెల తిరగకుండా అరిగిపోతాయి. అప్పుడు వెనుక యాక్సిల్ కూడా మార్చాల్సిందే. షెడ్డువాళ్లు ఈ మాట చెప్పారా?

బత్తాయి తోట (చందంపేట):
లేదు అన్నా. ఇప్పుడే చూశాను, నడుమే ఉంది.

లేత్ పని (దేవరకొండ):
నడుమ ఉంటే, వెనుక షాఫ్టు మధ్యగా వచ్చే రకం ట్రాన్స్‌ఫర్ కేసు వెతకాలి. లేదా ఒకే జీపు నుంచి కేసు, ముందు హౌసింగు, వెనుక హౌసింగు, షాఫ్టులు మొత్తంగా తెచ్చుకోవాలి. నా ఓటు రెండో దానికి. ఒక్కో ముక్క ఒక్కో చోట కొంటే రాణీగంజ్‌కు, విజయవాడ ఆటోనగర్‌కు తిరగడానికే డీజిల్ అయిపోతుంది.

ఇంకొకటి. క్రౌన్‌కు, దాన్ని తిప్పే చిన్న పళ్లచక్రం పినియన్‌కు ఉండే పళ్ల నిష్పత్తి ముందు, వెనుక ఒకటే ఉండాలి. పాత జీపుల్లో 43 పళ్లకు 8 పళ్లు, అంటే 5.38 కనిపిస్తుంది. 39కి 8, అంటే 4.88 కూడా కనిపిస్తుంది. వెనుక 4.88, ముందు 5.38 పెట్టి, ముందు చక్రాలకు శక్తి కలిపే లీవరు వేశారనుకోండి, వెనుక చక్రం వంద మీటర్లు పోయేసరికి ముందుది తొంభై ఒక్క మీటర్ల దగ్గరే ఉండాలని చూస్తుంది. మట్టిలో జారి సర్దుకుంటుంది. గట్టి నేల మీదైతే ఏదో ఒకటి విరుగుతుంది. నేను ఒకాయనకు అలా విరిగిన పినియన్ చూపించాను, ఆయన ఇనుము నకిలీది అనుకున్నాడు. ఇనుము తప్పేమీ లేదు, లెక్క తప్పు.

లెక్క చూసుకోవడం తేలిక. బండి గేరు తీసేసి, ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వెనుక జాకీ ఎత్తి స్టాండ్ల మీద నిలపండి. ఒక చక్రం కదలకుండా పట్టుకోమని ఎవరికైనా చెప్పి, రెండోది ఇరవై చుట్లు తిప్పండి. షాఫ్టు మీద సుద్దతో గీత పెట్టి ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. దాదాపు 54 వస్తే 5.38. దాదాపు 49 వస్తే 4.88.

పాత జీపు (నల్లగొండ):
సుద్ద మాట బాగుంది. నేను ఇన్నాళ్లూ మూత విప్పి పళ్లే లెక్కపెడుతున్నాను.

ముందు వైపు పని కూడా చిన్నది కాదు. మీ పికప్పుకు ఇప్పుడు ముందు ఉన్నది ఒట్టి కడ్డీ యాక్సిల్. దాని స్థానంలో గుండు ఉన్న హౌసింగు వస్తే, కమాను పట్టీలు పైకి నొక్కుకున్నప్పుడు ఆ గుండు ఇంజిను ఆయిల్ చాంబరుకు తగులుతుంది. కాబట్టి ముందు ఎత్తు పెంచాలి. ఎత్తు పెంచితే స్టీరింగు కడ్డీ కోణం మారుతుంది, గతుకు ఎక్కినప్పుడల్లా బండి దానంతట అది ఒక పక్కకు తిరుగుతుంది. బ్రేకు గొట్టాలు పొడవైనవి వేయించాలి. ఇవన్నీ కలిపి చూస్తే నెల పని, అదీ మేస్త్రీ వేరే బండి ముట్టుకోకుండా చేస్తే.

పని అయ్యాక కూడా తారు రోడ్డు మీద ముందు లీవరు వేయకండి. ఈ పాత కేసుల్లో ముందు వెనుక చక్రాల మధ్య తేడా సర్దే అమరిక ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనుకవాటి కంటే ఎక్కువ దూరం తిరగాలి. అలా తిరగనివ్వకపోతే షాఫ్టులు మెలిపడిపోతాయి. లీవరు వెనక్కి రాదు, జనం సుత్తితో కొడతారు.

కాగితాల మనిషి (మహబూబ్‌నగర్):
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. బండి కంటే ముందు కాగితం చూడండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్పు చేయకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షనులో, అనుమతి లేని ఒక్కో మార్పుకు అయిదు వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉన్నాయి. మీ బండి సరుకుల బండిగా రిజిస్టర్ అయి ఉంటే ఏటా ఫిట్‌నెస్ పరీక్షకు పోవాలి. కింద యాక్సిళ్లు రెండూ మారిపోయి ఉంటే అక్కడ ఏం సమాధానం చెబుతారు? ప్రమాదం జరిగితే బీమా సంస్థ అడిగే మొదటి ప్రశ్న కూడా అదే. బండి విప్పకముందే రవాణా కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి.

ఎవరైనా వింటేజ్ నంబరు తీసుకుంటే సరిపోదా అంటారేమో. 2021 నిబంధనల్లో మొదటి రిజిస్ట్రేషను నుంచి యాభై ఏళ్లు దాటిన, అసలు రూపం చెడని బండికే అది ఇస్తారు. మీ బండికి ఆ వయసు లేదు. ఉన్నా, మార్పు చేశాక ఆ దారి మూసుకుపోతుంది. పైగా ఆ నంబరుతో బత్తాయిలు మోయకూడదు.

లేత్ పని (దేవరకొండ):
తమ్ముడూ, ముందే అడగాల్సిన ప్రశ్న ఒకటి మర్చిపోయాం. దిగబడేది తోటకు ఖాళీగా పోయేటప్పుడా, కాయ వేసుకొని తిరిగి వచ్చేటప్పుడా?

బత్తాయి తోట (చందంపేట):
మూడుసార్లూ ఖాళీగా పోయేటప్పుడే. నిండు బండితో ఒక్కసారి కూడా ఆగలేదు.

లేత్ పని (దేవరకొండ):
అయితే మీకు కావలసింది ముందు యాక్సిల్ కాదు, వెనుక బరువు. ఖాళీ పికప్పుకు వెనుక ఏమీ ఉండదు, చక్రం తిరుగుతుందే తప్ప పట్టదు. తొట్టిలో, వెనుక యాక్సిల్‌కు సరిగ్గా పైన ఆరేడు ఇసుక బస్తాలు వేసి తాళ్లతో కట్టండి. వెనుక టైర్లు గట్టి కట్టలు (పైకి తేలిన రబ్బరు గట్లు) ఉన్నవి వేయించండి. రేగడి ముందు గాలి కొంచెం తగ్గించి, దాటాక నింపుకోండి. చేతి పంపు చాలు.

పాత జీపు (నల్లగొండ):
నా నోటి దగ్గరి పని పోగొట్టావు. కానీ నిజమే. ఈ వానకాలం అలా చూడండి. అప్పటికీ పోకపోతే కార్తీకంలో నా దగ్గరికి తీసుకురండి, కింద పడుకొని చూద్దాం.

బత్తాయి తోట (చందంపేట):
నిన్న సుద్ద గీత పెట్టి తిప్పాను. 49 చుట్లకు కొంచెం తక్కువ వచ్చింది, అంటే 4.88. ఇసుక ఏడు బస్తాలు కట్టాను. రాత్రి వాన పడింది, ఉదయం రేగడిలో రెండుసార్లు జారి మూడోసారి దాటింది. ట్రాక్టరు డ్రైవరు గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. టైర్లు ఇంకా మార్చలేదు. కట్టలున్న టైర్లు తారు రోడ్డు మీద ఎంత మోత చేస్తాయి, ఎవరైనా వాడారా?