“మనవ్యాలకించరా…” ఆ తర్వాత ఏమిటి?

వెనక వరుస:
శనివారం రాత్రి నుంచి ఒక లైను నన్ను వదలడం లేదు. కర్ణాటక సంగీతాన్ని రాక్‌తో కలిపి పాడే అగం బ్యాండ్ లైవ్‌కి వెళ్ళాను. ఏళ్ళ తరబడి ఇయర్‌ఫోన్లలో విన్న త్యాగయ్య కీర్తనని మొదటిసారి ఎదురుగా విన్నాను. డ్రమ్స్ తగ్గి, హరీశ్ శివరామకృష్ణన్ గొంతు పైకి లేచి “మనవ్యాలకించరా…” అనగానే చుట్టూ ఉన్నవాళ్ళంతా గొంతు కలిపారు. ఆ “రా” దగ్గర అందరం సాగదీశాం. ఒళ్ళు జలదరించింది. “నా మనవి వినరా” అని రాముణ్ణి పిలుస్తున్నాననుకునే పాడాను. ఇంటికొచ్చాక అనుమానం పట్టుకుంది. తర్వాత “మర్మమెల్ల” అని వస్తుంది, మధ్యలో ఏదో ముక్క ఉండాలి. ఎవరికైనా గుర్తుందా? ఆ “రా” రాముడికేనా?

తంబురా:
“రాదటే” అండి. మనవ్యాలకించ రాదటే, మర్మమెల్ల తెల్పెదనే మనసా. పిలుపు రాముడికి కాదు, మనసుకి. ఆ “రా” సంబోధన కాదు, “రాదు”లో మొదటి సగం. కచేరీ జాబితాల్లో “మనవ్యాలకించర” అని కుదించి రాసీ రాసీ అదే పేరైపోయింది. త్యాగయ్యదే “బంటురీతి” కీర్తన గతీ ఇదే. “కొలువియ్యవయ్య” అన్నదాన్ని మధ్యకి విరిచి “బంటురీతి కోలు” అంటున్నారు. ఆయన అడిగింది కొలువు. కోలు అంటే ఏముంది అక్కడ?

వెనక వరుస:
అయ్యో, ఆ బంటురీతి కూడా నా ప్రాణం. అగం మొదటి ఆల్బమ్‌లో, 2012లో, “స్వాన్స్ ఆఫ్ సరస్వతి” పేరుతో వచ్చింది. రాగం హంసనాదం కాబట్టి హంసలు. నళినకాంతి రాగంలో ఉన్న ఈ “మనవ్యాలకించ” పాటేమో 2017 ఆల్బమ్‌లో “మిస్ట్ ఆఫ్ కాప్రికార్న్”. త్యాగయ్య దగ్గరికి నేను కచేరీల దారిలో రాలేదు, ఈ గిటార్ల దారిలోనే వచ్చాను.

యడాగమం:
“రాదటే” తేలింది సరే, “వ్యా” సంగతేమిటి? అతి, ఆశ కలిస్తే అత్యాశ. అది సంస్కృతం కాబట్టి యణాదేశం. మనవి, ఆలకించు సంస్కృత పదాలు కావు. బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి లెక్కలో “మనవి యాలకించ” కావాలి. కొన్ని ప్రతుల్లో “మనవి నాలకించ” అని ఉంది, అంటే మనవిని ఆలకించ. అదే అసలు పాఠమని నా గట్టి నమ్మకం. “వ్యా” గాయకుల నోట పుట్టింది.

కాకినాడ కాజా:
మాస్టారూ, మా ఇంట్లో గడియారాన్ని అందరూ గడ్యారం అనే అంటారు. నోటికి అది సహజం. త్యాగయ్య 1847లో కాలం చేశాడు, బాలవ్యాకరణం వచ్చింది ఆ తర్వాతే. ఆయన రాసింది ఇంట్లో మాట్లాడుకునే తెలుగు. “రాదటే” అన్న మనిషి “వ్యా” అనడా?

యడాగమం:
పుస్తకం తర్వాత వచ్చినా పద్ధతి ముందునుంచీ ఉన్నదే. పైగా గడియారం ఒకే మాట. ఇక్కడ రెండు మాటలు కలుస్తున్నాయి. పోలిక కుదరదు.

తంబురా:
మాత్రలు లెక్కేసి చూశాను. మనవ్యాలకించ: 1, 2, 2, 1, 2, 1, మొత్తం 9. మనవినాలకించ: 1, 1, 1, 2, 1, 2, 1, ఇదీ 9. మనవియాలకించ కూడా 9. ప్రాస చూద్దామంటే మూడింటిలోనూ రెండో అక్షరం “న”, అనుపల్లవిలో “ఘనుడైన”కి సరిపోతుంది. ఛందస్సు ఎవరి పక్షమూ కాదు. తేడా అల్లా నడకలో. “నవ్యా” దగ్గర రెండు గురువులు ఆనుకుని పడతాయి, “మనవినా”లో మూడు లఘువులు పరుగెత్తి గురువు మీద ఆగుతాయి.

నల్లకుంట:
పాడి చూసుకోండి. నళినకాంతి ఆరోహణ స గ రి మ ప ని స, మొదట్లోనే ఒక మెలిక. ఆ మెలిక మీద “నవ్యా” కూర్చున్నంత బాగా “నవినా” కూర్చోదు. నాకైతే “వ్యా”నే కావాలి.
ఇంకో సంగతి. ఇండియన్ ఓషన్ బ్యాండ్ లైవ్ చూశాను. “కందీసా” మొదలవగానే వేలమంది లేచి పాడారు. అది కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రార్థన, భాష సిరియాక్. ఆ మాటకి పవిత్రుడు అని అర్థమని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. తెలిశాక మళ్ళీ విన్నప్పుడు కళ్ళనీళ్ళు ఆగలేదు. వెనక వరుస తమ్ముడూ, నీకూ ఈ “రాదటే” తెలిశాక అదే జరుగుతుంది చూడు.

కాకినాడ కాజా:
నాకు “వ్యా” కంటే “టే” ముఖ్యం. రాదటే, తెల్పెదనే అంటూ మనసుని చెలికత్తెలా పక్కన కూర్చోబెట్టుకున్నాడు. “రా వినవే, రహస్యం చెప్తాను” అని. ఎంత ముద్దుగా ఉంది!

యడాగమం:
“ఏ” వినగానే ఆడపిలుపు అనుకోకూడదండి. గజేంద్రుడు “రావే యీశ్వర, కావవే వరద” అన్నాడు కదా. అక్కడ చెలికత్తె ఎవరు?

నల్లకుంట:
ఆ పద్యం ఎత్తితే నేను ఆగలేను. మా తాతగారు “లావొక్కింతయు లేదు” దగ్గర మెల్లగా మొదలుపెట్టి, “ఠావుల్ దప్పెను, మూర్ఛ వచ్చె” అనేసరికి నిజంగానే ఊపిరి తెగినట్టు చదివేవారు. చిన్న చిన్న వాక్యాలు, ఒక్కొక్కటీ ఏనుగు దమ్ము పోతున్నట్టు. అప్పుడు “నీవే తప్ప” అని ఒక్క పిలుపు. ఏ లైవ్‌లోనూ నేను అంత నిశ్శబ్దం వినలేదు. పోతన తర్వాతే ఎవరైనా.

తంబురా:
పోతన “రావే” వేరు. అది రావు మీద “ఏ” చేరి వేడుకోలు అయింది. “అటే” నిర్మాణం అది కాదు. దానికి పోతన దాకా ఎందుకు, త్యాగయ్యనే అడుగుదాం. మలయమారుతం రాగంలోని కీర్తనలో “మనసా ఎటులోర్తునే, నా మనవిని చేకొనవే” అన్నాడు. అనుపల్లవికి వచ్చేసరికి అదే మనసుని “దీనుడవై భజన చేసి” అంటాడు. దీనుడవు! ఆడపిలుపే అయితే ఆ మాట ఎలా వచ్చింది?

యడాగమం:
చూశారా, “మనవిని”! అదే కవి, అదే మనసు, అదే మనవి, “ని” స్పష్టంగా ఉంది. నా పాఠానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

తంబురా:
నేను చెప్పింది “దీనుడవై” గురించి మాస్టారూ. పైగా ఒక చోట “ని” వాడినవాడు ఇంకో చోట వదలకూడదా?

కాకినాడ కాజా:
దీనుడవై అన్నా సరే, నాకు ఆ “టే”లో చనువే వినిపిస్తోంది. తిట్టినప్పుడు మగవాడు, బుజ్జగించినప్పుడు చెలి. ఆ మలయమారుతం పాటలో ఆ తర్వాత వచ్చే మాట “గుణవిహీన”, తిట్టే కదా.

తంబురా:
ఇది మాత్రం నాకు తట్టలేదు. ఆలోచించాల్సిందే.

వెనక వరుస:
అందరికీ నమస్కారాలు. మర్మం ఏమిటో కూడా ఇప్పుడు తెలిసింది, అనుపల్లవిలోనే ఉంది: “ఘనుడైన రామచంద్రుని కరుణాంతరంగము”. ఆ కరుణ తెలిసినవాడు తన మనసునే బతిమాలుకుంటున్నాడు. నేను వేరేవాళ్ళని పిలిచాను!
ఫోన్లో ఆ రోజు రికార్డు చేసిన ముక్క ఉంటే పదిసార్లు విన్నాను, “వ్యా”నా “వినా”నా అని. “మన” వరకు ఆయన గొంతు వినిపిస్తోంది. సరిగ్గా ఆ అక్షరం దగ్గర మా అందరి గొంతులూ పైన పడ్డాయి.

యడాగమం:
ఆ ముక్క ఇక్కడ పెట్టండి. నేను కూడా వింటాను.